బెత్తెడు ఎత్తు

మొన్న ఒక ఆదివారం పొద్దున మా అన్న కొడుకు ఫోన్ చేసి, కామారెడ్డిలో బైపాస్ పక్కన ఉన్న ఒక షెడ్డుకు వచ్చిపొమ్మని పిలిచాడు. నేను పాత డ్రైవర్ని కదా, కొత్త బండికి ఏదో చేయిస్తున్నాడట, చూసి మంచీచెడూ చెప్పాలట. ఈ వయసులో మనల్ని ఎవరైనా సలహా అడగడమే పెద్ద విశేషం, అడిగినవాళ్ళు వింటారా అన్నది వేరే సంగతి. మోకాళ్ళకు నూనె రాసుకుని ఎల్లారెడ్డిలో బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికి వాడి నల్ల పికప్ ముందు భాగం జాకీల మీద గాలిలో ఉంది. నా నడుము దాకా వచ్చే నాలుగు టైర్లు, కొత్త రబ్బరు వాసన కొడుతూ, గోడకు ఆనించి ఉన్నాయి. పక్కన అట్టపెట్టెలో ఇనుప బిళ్ళలు, పొడుగాటి బోల్టులు. దాన్ని లెవలింగ్ కిట్ అంటారట. ఆ బిళ్ళలను ముందు స్ప్రింగుల మీద పెట్టి బిగిస్తే బండి ముక్కు పైకి లేచి, వెనక భాగంతో సమానంగా నిలబడుతుందట. వెనక బాడీకి నల్లటి మూత, లోపల రబ్బరు పరుపు. కొన్నప్పటి నుంచి ఆ బాడీలో ఒక్క బస్తా పడలేదు, ఒక్క గడ్డిమోపు పడలేదు, చిన్న గీత కూడా లేదు. మా వదిన తన పెళ్ళినాటి పట్టుచీరను కూడా అంత భద్రంగా దాచుకోలేదు.

ఎందుకురా ఇదంతా అని అడిగాను. వాడు ఫోన్‌లోంచి తలెత్తకుండానే, "ఊకెనే కాకా. ఖాళీగున్నప్పుడు ముందర వంగినట్టు కనవడుతది, మంచిగ లేదు" అన్నాడు.

ఊకెనే అన్నాడు, ఉత్తినే అన్నట్టు. ఆ మాటకు నాకు కోపం రాలేదంటే అబద్ధమాడినట్టే. కానీ కోపం వాడి మీద కాదు, ఎవరి మీదో చెప్పడం కష్టం. అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వాళ్ళు తెప్పించిన చాయ్ చల్లారిపోయేదాకా చేతిలో పట్టుకుని, ఆ గాలిలో లేచిన బండి ముక్కునే చూస్తూ ఉండిపోయాను. సరిగ్గా ఇదే పనిని, ఇదే కామారెడ్డిలో, వీడి తండ్రి చేయించాడు. అప్పుడు వీడు ఉయ్యాలలో ఉన్నాడు. అన్న మాత్రం ఊకెనే చేయించలేదు.

నా ఈడు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు గాని, ఈ కాలం పిల్లలు ఎవరైనా చదువుతారేమోనని ఒక సంగతి చెప్పి ముందుకు వెళతాను. పికప్ అనేది బరువు మోయడానికి పుట్టిన బండి. ఖాళీగా ఉన్నప్పుడు దాని వెనక భాగం కొంచెం లేచి, ముక్కు కొంచెం దిగి ఉంటుంది. వెనక బరువు పడ్డాక స్ప్రింగుల్లా పనిచేసే కమాన్ పట్టీలు కుంగి, అప్పుడు బండి నేలకు సమానంగా నిలబడుతుంది. అంటే లోడున్నప్పుడు నిటారుగా, ఖాళీగా ఉన్నప్పుడు తల వంచుకుని ఉంటుందన్నమాట. చేసినవాడు తెలివి లేక అలా చేయలేదు. కానీ చూసేవాళ్ళకు అదంతా ఎందుకు, కళ్ళకు కనిపించేది వంగిన ముక్కే కదా.

మా ఊరు ఎల్లారెడ్డి నుంచి నిజాంసాగర్ వైపు పోయే దారిలో లోపలికి ఉంటుంది. అప్పట్లో ఆ ఊళ్ళో పికప్ ఉన్న ఇల్లు మాదొక్కటే. కొత్తది కాదు, మా దాకా వచ్చేసరికే చేతులు మారి వచ్చింది. ఒక తలుపు తెల్లగా, ఇంకో తలుపు బూడిద రంగులో ఉండేది. దాని అసలు రంగేమిటో మాకు అమ్మినవాడికి కూడా తెలిసినట్టు లేదు. అయినా అది మా బండి. మమ్మల్ని కన్న అవ్వ నడుము పడిపోయేలా బీడీలు చుట్టి, అన్న ఊరూరా ఇతరుల ట్రాక్టర్లు తోలి, నేను జిన్నింగు మిల్లులో మూటలు మోసి సంపాదించుకున్నది. బండి వాకిట్లోకి వచ్చిన రోజు అవ్వ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి పట్టి, ఆ తర్వాత ఎవరూ చూడకుండా బానెట్‌కు దిష్టిచుక్క కూడా పెట్టింది. చాలా రోజులు ఆ నల్ల చుక్కను మేమెవరమూ తుడవలేదు.

అన్న నడిపేవాడు. నేను లోడెత్తడం, దించడం, తాడు కట్టడం, అప్పుడప్పుడు అన్న పక్కన కూర్చుని నేర్చుకోవడం. అన్నలా బండి నడిపే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. లింగంపేట దాటాక అడవిలో మలుపులున్న చోట కూడా వెనకున్న సరుకు ఇంత కదిలేది కాదు. గేరు మార్చినట్టు చెవికి తెలిసేది గాని ఒంటికి తెలిసేది కాదు. కామారెడ్డి గంజిలో, అంటే సరుకులమ్మే మార్కెట్లో, ఇరుకు సందుల్లో లారీల మధ్య నుంచి వెనక్కి తీసే పని ఉంటే పక్క బండ్లవాళ్ళు కూడా తాళం చెవి అన్న చేతికే ఇచ్చేవారు. మనిషి తక్కువ మాట్లాడేవాడు, స్టీరింగు పట్టుకుంటే మాత్రం సన్నగా ఏదో కూనిరాగం తీసేవాడు. ఇంట్లో ఎప్పుడూ వినని రాగం అది.

ఎల్లారెడ్డిలో పికప్‌ల అడ్డా ఉండేది. అక్కడ వరస పద్ధతి. పొద్దున ముందొచ్చిన బండికి ముందు లోడు, ఎవరికి ఎవరూ అడ్డు రాకూడదు. లోడు కోసం కూర్చున్నవాళ్ళకు పనేముంటుంది, ఎద్దు పుండు కాకికి ముద్దన్నట్టు ఒకరినొకరు పొడుచుకోవడమే. ఖాళీగా నిలబడ్డ మా బండి మిగతా వాటికంటే కొంచెం ఎక్కువే వంగి ఉండేది, ముందు పట్టీలు పాతబడి ఉండాలి. ఒక రోజు అడ్డాలో ఒకాయన అన్నను పట్టుకుని, "ఏందిరా, మీ బాపు లెక్కనే మీ బండి గూడ నిలవడ్డకాడనే దండం పెడుతది?" అన్నాడు. అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. నేను అన్న మొహం చూశాను కాబట్టి ఆ నవ్వు ఎంతవరకు వచ్చి ఆగిందో నాకు తెలుసు.

ఎందుకంటే మా బాపు పటేల్ ఇంట్లో జీతమున్న మనిషి. జీతమంటే నెల తిరిగితే చేతికొచ్చేది అనుకుంటారు ఇప్పటి పిల్లలు. ఏడాదికింత అని గింజలు మాట్లాడుకుని, చీకటితో కొట్టం ఊడ్చిన దగ్గర నుంచి పొద్దుగూకి పశువులను కట్టేసేదాకా ఒక మనిషి ఒక ఇంటికి చెంది ఉండటం అది. బాపు తన మీసం రాని వయసు నుంచి మా పెళ్ళిళ్ళ దాకా అక్కడే ఉన్నాడు. పటేల్ ఇల్లు మా ఊరి మొదట్లో, రోడ్డును ఆనుకుని ఉండేది. పొడుగాటి ప్రహరీ గోడ, గోడ మీద పెంకుల వరస. ఆ గోడ ముందు నుంచి పోయేటప్పుడు సైకిలు దిగాలి, చెప్పులు చేతిలో పట్టుకోవాలి. మేము పెద్దవాళ్ళమయ్యేసరికి ఆ పద్ధతి పోయింది. పోయిందని అందరూ అనేవాళ్ళు. ఎవరూ దిగమని అడిగేవాళ్ళు కాదు, దిగకపోతే కొట్టేవాళ్ళూ లేరు.

బాపుకు మాత్రం పోలేదు. మా బండి కొన్న కొత్తలో బాపును ముందు సీట్లో కూర్చోబెట్టుకుని అన్న ఎల్లారెడ్డి తీసుకుపోతున్నాడు. మధ్యలో నేను. బండి ఆ గోడ దగ్గరికి వచ్చేసరికి బాపు కిందికి వంగాడు. ఏదో పడిపోయిందనుకున్నాను. కాదు, కాళ్ళకున్న చెప్పులు తీసి చేతిలో పట్టుకున్నాడు. తన కొడుకుల బండిలో, తన కొడుకు నడుపుతుండగా, తలుపులు వేసి ఉండగా, బయటివాళ్ళెవరికీ కనిపించని చోట. గోడ దాటాక మళ్ళీ తొడుక్కున్నాడు. చేస్తున్నట్టు ఆయనకు కూడా తెలియదనుకుంటాను, ఎందుకంటే ఆ మధ్యలో ఆయన వానల గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. అన్న కూనిరాగం ఆగిపోయింది. ఎల్లారెడ్డి వచ్చేదాకా మళ్ళీ మొదలు కాలేదు.

ఆ యాసంగికి మాకు బెల్లం లోడు దొరికింది. కామారెడ్డి బెల్లం అంటే ఆ రోజుల్లో ఎంత పేరో మీకు తెలుసు. చలికాలం మొదలైతే మా వైపు చెరుకు తోటల్లో గానుగలు తిరిగేవి, బట్టీల పొగకు ఊరంతా తియ్యటి వాసన పట్టేది, ఎక్కడ చూసినా ఈగలు, బట్టీ చుట్టూ పిల్లలు. రామాయణంలో పిడకలవేట అనుకోకపోతే ఒక్క మాట, ఆ వేడి వేడి పాకాన్ని మోదుగాకులో పోసుకుని ఊదుకుంటూ నాకిన రుచి ఇప్పుడు ఏ స్వీటు దుకాణంలోనూ దొరకదు. సరే, ఆ బెల్లం ముద్దలన్నీ కామారెడ్డి గంజికి చేరాలి. ఊళ్ళో పెద్ద గానుగ పటేల్ వాళ్ళది, చిన్న రైతులు కూడా తమ సరుకును పటేల్ పెద్దకొడుకు మాట మీదే గంజికి పంపేవారు. అంటే ఆయన ఔనంటే సీజనంతా మా బండి ఖాళీగా ఉండదు. ఆయన ఔనన్నాడు. మా ఇంట్లో ఆ రోజు అవ్వ నువ్వుల ముద్దలు చేసింది.

తోటల్లోంచి రోడ్డెక్కే దారి నల్లరేగడి. నీళ్ళు పారిన రోజు బండి కడుపు నేలకు తగిలి గీసుకుపోయేది, రెండుసార్లు ఎడ్లను కట్టి లాగించాం. కాబట్టి పెద్ద టైర్లు వేయిద్దాం, ముందు భాగం కొంచెం లేపిద్దాం అని అన్న అన్నప్పుడు అందులో తప్పేమీ కనిపించలేదు. అవసరమే. కానీ అసలు కారణం దారి కాదని నాకు తెలుసు, నాకు తెలుసునని అన్నకూ తెలుసు.

అప్పుడు అట్టపెట్టెల్లో కిట్‌లు లేవు. కామారెడ్డిలో రైల్వే స్టేషన్ అవతల కమాన్ పట్టీలు చేసే మిస్త్రీ ఉండేవాడు. ముందు పట్టీల దొంతరలో అదనంగా ఒక్కో పట్టీ కాల్చి వంచి వేశాడు. ఎక్కడో ఒక పాత జీపు నుంచి వచ్చిన పెద్ద టైర్లను, రిమ్ములతో సహా, అన్న వెతికి పట్టుకొచ్చాడు. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుందని తెలిసి, మడ్‌గార్డు అంచును గుండ్రంగా కోయించాడు. సాయంత్రానికి బండి జాకీ మీద నుంచి దిగింది. అన్న నాలుగడుగులు వెనక్కి వేసి, తల ఒక పక్కకు వంచి చూశాడు. బండి నేలకు సమానంగా, మునుపటికంటే బెత్తెడు ఎత్తుగా నిలబడి ఉంది. తిరుగు ప్రయాణంలో తాడ్వాయి రాకముందే కూనిరాగం మొదలుపెట్టాడు.

ఆ వారం రోజులు మా ఇంట్లో జరిగిన సంబరం ఇంకెప్పుడూ జరగలేదు. అవ్వకు ఎక్కడానికి కాలు అందక, అన్న ఆమెను చిన్నపిల్లలా ఎత్తి సీట్లో కూర్చోబెడితే సిగ్గుతో తిట్టింది, తిట్టి మళ్ళీ ఎక్కించమన్నది. వదిన పసివాణ్ణి ఎత్తుకుని కిటికీలోంచి ఊరిని చూసింది. వదినకు అప్పటిదాకా ఊరు అంత పై నుంచి కనిపించలేదు. కష్టాలూ లేకపోలేదు. పెద్ద టైర్లకు మొదటి గేరులో లాగుడు తగ్గింది. వెనక బెల్లం నింపితే వెనక భాగం కుంగి, ముక్కు ఆకాశం వైపు లేచి, స్టీరింగు చేతిలో తేలిపోయేది. అన్న నిదానంగా దాన్నీ దారికి తెచ్చుకున్నాడు. బరువైన ముద్దలను కేబిన్ వెనకకు ఆనించి పేర్పించి, తేలికవి వెనక పెట్టించి, మలుపుల్లో ఇంకా నెమ్మదిగా నడిపాడు. ఒక్క ముద్ద పగల్లేదు. ఈ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను.

మా అన్న ఊహించనిది ఒకటుంది. బండి బెత్తెడు లేచేసరికి కేబిన్‌లో కూర్చున్నవాడి కళ్ళు పటేల్ గోడ పైకి వచ్చాయి. అంతకు ముందు ఆ దారిన పోతుంటే పెంకుల అంచు దాకా కనిపించేది. ఇప్పుడు లోపలి వాకిలి కనిపించింది. గోడలకు చెవులుంటాయంటారు గాని, మా ఊళ్ళో గోడలకు పరువు కూడా ఉండేది. నేను మొదటిసారి చూసినప్పుడు నిజానికి నాకు నవ్వొచ్చింది. అన్నేళ్ళు చెప్పులు విప్పించిన గోడ వెనక ఏముందని! ఒక ముసలమ్మ చింతపండు గింజ తీస్తోంది, దండెం మీద బట్టలు ఆరుతున్నాయి, ఒక మూలన పిల్లి. మా వాకిలి కంటే పెద్దది, అంతే. అన్న అయితే అటువైపు తల కూడా తిప్పలేదు. తిప్పలేదని చెప్పినా ఎవరు నమ్ముతారు?

ఆ వారం తిరిగాక లోడు కోసం వెళితే గానుగ దగ్గర ఇంకొకరి పికప్ నిలబడి ఉంది. పటేల్ పెద్దకొడుకు మమ్మల్ని ఒక్క మాట తప్పుగా అనలేదు. "ముందర లేసిన బండిల బెల్లం పంపలేము తమ్మీ, దారిల పగుల్తది" అన్నాడు, అదీ నవ్వుతూ. మర్నాడు చిన్న రైతులు ఒక్కొక్కరే అదే మాట అన్నారు, అచ్చం అవే ముక్కలతో. అసలు మాట నాకు బావి దగ్గర ఆడవాళ్ళ ద్వారా తెలిసింది. ఇంట్లో ఆడవాళ్ళుంటారు, జీతగాడి కొడుకులు గోడ మీంచి చూసుకుంటూ పోతారా అని లోపల పెద్ద గొడవైందట. బండి గురించి వాళ్ళు చెప్పింది నిజమే, బరువేస్తే ముక్కు లేచే మాట నిజమే. మా గురించి అనుకున్నది మాత్రం అబద్ధం. ఆ నిజాన్ని ఈ అబద్ధానికి ముసుగుగా కప్పారు, అందుకే మేము ఎవరితోనూ కొట్లాడలేకపోయాం.

అన్న అడ్డాలో కూర్చున్నాడు. అక్కడ వరసలో మా వంతు వచ్చేది, వచ్చినట్టే వెళ్ళిపోయేది. బెల్లం సీజనులో వచ్చేవాళ్ళంతా బెల్లం వాళ్ళే, బెల్లం వాళ్ళంతా ఆ ఇంటి మాట వాళ్ళే. ఒకప్పుడు దండం పెట్టే బండి అని నవ్విన మనిషే ఇప్పుడు అన్న పక్కన కూర్చుని బీడీ ఇచ్చి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. నవ్వినప్పటి కంటే అదే ఎక్కువ బాధగా ఉండేది. అన్న మాత్రం బండి దించే మాట ఎత్తనివ్వలేదు. ఎల్లారెడ్డి కాకపోతే బీర్కూర్ వైపు వడ్ల లోడుకు పోదాం, దోమకొండ వైపు కూరగాయలు దొరుకుతాయి, ఈ ఒక్క సీజను ఓపిక పడదాం అనేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే, ఇంకొంచెం ఓపిక పట్టి ఉంటే జరిగేదే.

బాపు పట్టలేకపోయాడు. ఒక రోజు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా పటేల్ ఇంటికి వెళ్ళాడు. చిన్నప్పటి నుంచి నిలబడ్డ చోటే, గడప కింద, చేతులు కట్టుకుని నిలబడి మాట్లాడి ఉంటాడు, నేను చూడలేదు గాని చూసినట్టే ఉంటుంది నాకు. ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అన్న మొహం కడుక్కుంటున్నాడు.

"మాట ఇచ్చిన బిడ్డా. బండిని ఎప్పటి లెక్క చేపిస్తనని చెప్పొచ్చిన. రేపటి నుంచి లోడు మనదే" అన్నాడు బాపు.

అన్న మొహం తుడుచుకుని తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. తర్వాత మెల్లగా, "ఎవరి బండి బాపు?" అని అడిగాడు.

"నీ బండే. నేను నీ బాపును గద."

అవ్వ బీడీల చాట పక్కన పెట్టి వచ్చి, "పోరు నష్టం, పొందు లాభం కొడుకా. గా ఇంటోళ్ళతోని మనకేంది? ఇంట్ల పసిపోరడున్నడు, పొయ్యి ఎలగాలె గద" అంది. అన్న తువ్వాలు తీసి దండెం మీద వేశాడు. బాపు మీద అరిచి ఉంటే బాగుండేది. ఎదిరించి, గిన్నెలు విసిరి, నాలుగు రోజులు మాట్లాడకుండా ఉండి, మళ్ళీ కలిసిపోయే గొడవలు ఎన్ని ఇళ్ళల్లో జరగలేదు? అన్న అరవలేదు. తాళం చెవి తీసుకుని నన్ను రమ్మన్నాడు.

నేరుగా కామారెడ్డి మిస్త్రీ దగ్గరికి వెళ్ళాం. మిస్త్రీని చేయనివ్వకుండా అన్న తానే కిందికి దూరి బోల్టులు విప్పాడు, ఎక్కించిన పట్టీలు తీశాడు, పాత టైర్లు బిగించాడు. తిరిగి వచ్చేటప్పుడు అన్న ఎప్పటిలాగే నడిపాడు, అంతే నిమ్మళంగా, అంతే జాగ్రత్తగా. మా ఊరి మొదట్లో, పటేల్ గోడ మొదలయ్యే చోట, బండిని పక్కకు తీసి ఇంజను ఆపాడు. తాళం చెవి నా ఒళ్ళో పెట్టాడు. "ఇగ నువ్వు తోలు" అని దిగి, ఆ గోడ ముందు నుంచి కాకుండా, చేన్ల గట్టున పడి ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు.

అదే ఆఖరు. ఆ తర్వాత మా అన్న స్టీరింగు ముట్టుకోలేదు. లోడు మర్నాడే వచ్చింది, సీజనంతా నేనే నడిపాను, ఆ తర్వాత ఇరవై ఏళ్ళూ నేనే నడిపాను. బాపు మళ్ళీ ముందు సీట్లో కూర్చోలేదు, వెనక బస్తాల మధ్య కూర్చుంటే కాళ్ళు చాపుకోవచ్చని చెప్పేవాడు. అన్న ఎండాకాలం గడవకుండానే దుబాయికి పోయాడు. మా వైపు ఇంటికొకరు పోయే రోజులవి, కాబట్టి ఎవరికీ వింత అనిపించలేదు. ఏజెంటు డ్రైవరు పని చూపిస్తానంటే, అది తప్ప ఏదైనా సరే అన్నాడట. గోదాములో డబ్బాలు మోశాడు. అంత చేతి నేర్పు ఉన్న మనిషి, తాళం చెవి ఇస్తే లారీలను సూదిలో దారం ఎక్కించినట్టు వెనక్కి తీసే మనిషి, పరాయి దేశంలో ఏళ్ళ తరబడి డబ్బాలు మోశాడు. బాపు పోయినప్పుడు సెలవు దొరకలేదు. దొరికి ఉంటే వచ్చేవాడా అని నేను వదినను ఎప్పుడూ అడగలేదు.

నడుము చెడి తిరిగొచ్చాక కూడా అన్న బస్సులోనే తిరిగాడు, లేదంటే కొడుకు మోటారు సైకిలు వెనక కూర్చున్నాడు. నిరుడు పోయాడు. ఆయన దాచి కొన్న జాగాలోనే వీడు దుకాణం కట్టుకుని బాగుపడ్డాడు, అందులోంచే ఈ నల్ల బండి వచ్చింది.

షెడ్డులో ఇనుప బిళ్ళలు బిగించడం అయిపోయింది. పెద్ద టైర్లు ఎక్కించి జాకీలు దింపుతుంటే ఇంకొక పిల్లవాడు వచ్చి మా వాడి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఎవరని అడిగితే పటేల్ మనుమడట. వాడి బండికీ పోయిన నెలలో ఇదే షెడ్డులో ఇదే పని చేయించారట, అది చూసే మా వాడికి కోరిక పుట్టిందట. ఇద్దరూ స్నేహితులు. మంచి పిల్లవాడే, నా దగ్గరకు వచ్చి "బాగున్నరా కాకా" అని నిండుగా పలకరించాడు. వాళ్ళ ఇల్లు ఎప్పుడో పాడుబడింది, అందరూ హైదరాబాదులో ఉంటారు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు గోడ పడిపోయింది. వాడికి ఏమీ తెలియదు. ఎవరైనా చెప్పినా నమ్మడు. ఇద్దరూ కలిసి బండి ముందు ఫోటోలు దిగారు, రోడ్డు మీద పోయేవాళ్ళు ఒక్కరు కూడా తల తిప్పి చూడలేదు. ఇది సంతోషపడాల్సిన విషయమని నాకు తెలుసు. అన్న కోరుకున్నది ఇదే కదా, తన బండి తన ఇష్టం వచ్చినంత ఎత్తులో నిలబడితే ఎవరూ ఏమీ అనుకోకపోవడం. కానీ మా ఇంట్లో ఒక మనిషిని బలి తీసుకున్న సంగతి, ఇంత చవకగా, ఇంత ఊకెనే అయిపోతుంటే నా కడుపు మండింది. మండిందనే చెబుతాను, పెద్దమనిషి తరహాగా మాట్లాడటం నా వల్ల కాదు.

బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి మా వాడు నా పక్కన నిలబడ్డాడు. వాడి కళ్ళు కొంచెం తడిగానే ఉన్నాయి, తండ్రంటే ప్రాణం వాడికి. "డాడికి డ్రైవింగ్ రాకపాయె గని కాకా, ఉంటె ముందట సీట్ల కూసోవెట్టుకొని తిప్పుతుంటి" అన్నాడు.

చల్లారిన చాయ్ కింద పెట్టాను. "వచ్చు బిడ్డా. మస్తు వచ్చు మీ డాడికి" అన్నాను. "ఔనా? నాకెప్పుడు చెప్పనే లేదు" అన్నాడు ఆశ్చర్యంగా, ఇంకేదో అడగబోయాడు కూడా, అంతలో గాలి ఎంత పెట్టాలని షెడ్డువాళ్ళు పిలిస్తే అటు వెళ్ళిపోయాడు.

మన తరం వాళ్ళం ఇంట్లో దాచిపెట్టింది ఎక్కువ. పిల్లలకు ఆకలి తెలియకూడదనుకున్నాం, అవమానం తెలియకూడదనుకున్నాం, ఆ రెండింటితో పాటు మనం ఎవరమో కూడా తెలియకుండా చేశాం. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా ఆ రోడ్డు మీద మా అన్నను మించిన డ్రైవరు లేడు, ఆయన కన్నకొడుకు మాత్రం తన తండ్రికి బండి నడపడం రాదనుకుంటూ పెరిగి పెద్దవాడయ్యాడు. దీనికి పటేల్ ఇంటిని తిట్టాలో, బాపును తిట్టాలో, నోరు తెరిచి ఒక్క మాట అనకుండా చేన్ల గట్టున నడిచి వెళ్ళిపోయిన అన్ననే తిట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. తిట్టి మనసు చల్లార్చుకుందామన్నా, ముగ్గురిలో ఇప్పుడు వినడానికి ఎవరూ మిగల్లేదు.